తొమ్మిది రోజుల బల్ల

ఉలాన్‌బాతర్‌లో రక్షణ విశ్వవిద్యాలయం, మూడో అంతస్తు.
యాభై రెండేళ్ళ వయసులో నన్ను మళ్ళీ బెంచీ ఎక్కించారు.
మూడు వారాలు, లాజిస్టిక్స్, పెద్ద ఉద్యోగులకు.
మెడలో పేరు, ముందు నీళ్ళ సీసా,
కిటికీ అవతల సున్నాకి ముప్పై డిగ్రీలు కింద చలి.

సగంమంది యూనిఫారాలు, సగంమంది కోట్లు.
నా పక్కన ఇంధనం చూసే కల్నల్ లువ్‌సన్‌షరవ్.
వెనక, జమీన్ ఊద్ సరిహద్దు నుంచి వచ్చిన కస్టమ్స్ ఆవిడ ఉరంచిమెగ్.
అక్కడ చైనా పట్టాలు ఆగి మా పట్టాలు మొదలవుతాయి.
రెంటికీ తేడా నాలుగు వేళ్ళ వెడల్పు.
"ఆ నాలుగు వేళ్ళ కోసం
రైలును పెట్టె పెట్టెగా పైకెత్తి చక్రాలు మారుస్తాం.
ఉల్లిపాయలైనా మందుగుండైనా
జాకీకి అన్నీ బరువే" అంటుంది.

మొదటి వారం అంతా నవ్వులే.
ఏదో విన్యాసానికి గుడారాలు ముందొచ్చాయట,
కర్రలు పదకొండు రోజులకొచ్చాయట.
"గుడారానికీ కర్రకూ దూరమెంత?" అంది ప్రొఫెసర్.
"పదకొండు రాత్రులు మేడమ్" అన్నాడు కల్నల్.
ఆమె నవ్వలేదు. బోర్డు మీద రాసుకుంది.
నాకప్పుడే భయం వేసింది.

రెండో సోమవారం సుద్దముక్క మా చేతికిచ్చింది.
మీరు పంపిన సరుకు ఏదైనా ఒకటి తీసుకోండి.
బయల్దేరిన చోటు నుంచి కాదు,
చేరిన చోటు నుంచి వెనక్కి నడవండి.

నేను గడ్డి తీసుకున్నాను.
మంచు కింద మేత రాయైపోయి
పశువులు నిలబడ్డ చోటే చచ్చే చలికాలాన్ని
మేము జుడ్ అంటాం.
ఆ ఏడు గోబీ-ఆల్తాయ్‌కి పంపిన గడ్డి.

చివర, మంచులో ఒక గొర్రె నోరు.
దానికి ముందు కాపరి, ఒంటె మీద సగం రోజు.
దానికి ముందు లారీ.
కనుమ మూసుకుపోతే రెండు రాత్రులు ఇంజను ఆపకుండా
కళ్ళు తెరుచుకుని కూచున్న డ్రైవర్ త్సెదెన్‌దంబ.
అంతా కలిపి మూడున్నర రోజులు.
దానికి ముందు గోదాములో ఎక్కింపు, ఆరు గంటలు.
దానికి ముందు
సుద్ద ఆగింది.
దానికి ముందు నా బల్ల.
ఎడమవైపు వచ్చే కాగితాలు, కుడివైపు వెళ్ళేవి.
ఎడమ నుంచి కుడికి, రెండు మీటర్లు,
గడ్డి తొమ్మిది రోజులు నడిచింది.

వాదించాను.
మూడు కొటేషన్లు ఉండాలన్నాను, ఆడిటు అన్నాను,
మధ్యలో కొత్త సంవత్సరం సెలవులన్నాను.
అన్నీ నిజాలే. వెతికినా ఒక్క అబద్ధం దొరకదు.
ఉరంచిమెగ్ మెల్లిగా అంది:
"నా దగ్గర నాలుగు వేళ్ళు. మీ దగ్గర ఒక్క బొటనవేలు."

గడ్డి చేరింది. ఒక్క మోపు తగ్గలేదు.
రసీదు నా ఫైల్లోనే ఉంది: పూర్తిగా అందినది.
కింద కాపరి పెన్సిల్‌తో రాసిన రెండు మాటలు
అప్పుడూ చదివాను, పట్టించుకోలేదు:
నోళ్ళు లేవు.

చేతులు కాలాక ఆకులంటారు.
కాలిన చేతులు వాళ్ళవి.
ఆకులు లెక్కపెట్టింది నేను.

ఆఖరి రోజు గ్రూపు ఫొటో, ఉప్పు వేసిన పాల టీ.
సర్టిఫికెట్‌లో నా పేరుకి ఒక అక్షరం తప్పు పడింది.
దిద్దించాలంటే దరఖాస్తు పెట్టాలట.
పెట్టలేదు.

ఈ చలికాలమూ అలాంటిదేనని
వాతావరణం వాళ్ళు అంటున్నారు.
నియమాలు మారలేదు, మార్చేంతవాణ్ణి కాను.
ముద్రను సొరుగులో పెట్టడం మాత్రం మానేశాను.
సిరా గడ్డకట్టకుండా
కోటు లోపలి జేబులో వేసుకు తిరుగుతున్నాను,
తెల్లారుజామున పుట్టిన గొర్రెపిల్లను
కాపరులు రొమ్ముకి అదుముకున్నట్టు.
మెట్ల మీదైనా సరే, కాగితం ఎదురైతే చాలు.

నిన్న భోజనం మధ్యలో ఒకటి వేశాను.
కాగితం మీద సూప్ మరక పడింది.
లారీ వెళ్ళింది.